కొవ్వు వచ్చే దారి, కొలెస్టరాల్ పోయే దారి
(స్మారకోపన్యాస పాఠం)

జీవితమంతా శరీరధర్మశాస్త్ర బోధనకే అంకితం చేసిన గురువర్యుల పేరిట ఉపన్యసించే బాధ్యతను నాకు అప్పగించిన నిర్వాహకులకు కృతజ్ఞుణ్ణి. అవయవం ఏం చేస్తుందో చెప్పి ఊరుకోవడం వారి పద్ధతి కాదు. ఆ సంగతి మనిషికి ఎలా తెలిసింది, ఎన్ని తప్పుదారులు తొక్కాక తెలిసింది అని కూడా చెప్పేవారు. జ్ఞానానికి దాని చరిత్రే సాక్ష్యమని వారి విశ్వాసం. ఈ ప్రసంగాన్ని ఆ దారిలోనే నడపడానికి ప్రయత్నిస్తాను.

పైత్యామ్లాల గురించి మాట్లాడదలచాను. కాలేయంలో పుట్టి, పిత్తాశయంలో నిలవ ఉండి, భోజనవేళ పేగులోకి దిగి, మన కొవ్వును జీర్ణానికి సిద్ధం చేసే పదార్థాలివి. పాఠ్యపుస్తకంలో వీటికి ఒక పేరా దక్కుతుంది. ఎమల్సీకరణం అన్న మాటతో ఆ పేరా ముగిసిపోతుంది. నా ప్రతిపాదన అంతకంటే పెద్దది. కొవ్వు శరీరంలోకి వచ్చే దారినీ, కొలెస్టరాల్ శరీరం నుంచి పోయే దారినీ ప్రకృతి ఒకే అణువు చేతిలో పెట్టింది. పైత్యరసం విసర్జకమా, జీర్ణసాధనమా అని శాస్త్రజ్ఞులు తరాల తరబడి వాదించుకున్నారు. ఇరుపక్షాల వాదనలోనూ సగం సత్యం ఉంది. ఆ రెండు సగాలు ఒకటైనప్పుడే ఈ అణువుల తత్వం అర్థమవుతుంది.

ప్రాచీనులకు పైత్యరసం కొత్త కాదు. గ్రీకు వైద్యం దేహాన్ని నాలుగు రసాల కూడలిగా భావించింది. అందులో రెండు పిత్తాలే, ఒకటి పసుపుపచ్చనిది, ఒకటి నల్లనిది. ఆయుర్వేదం త్రిదోషాల్లో పిత్తానికి అగ్నిస్థానం ఇచ్చి, అన్నాన్ని పచనం చేసేది పాచకపిత్తమనీ, రక్తానికి రంగునిచ్చేది రంజకపిత్తమనీ విభజించింది. ఈ పిత్తాన్ని నేటి పైత్యరసంతో సమానం చేసి, మనవాళ్ళకు అన్నీ ముందే తెలుసని చెప్పడం రెండు శాస్త్రాలకూ అన్యాయమే. అది ఒక సిద్ధాంత భావన. ఇది సీసాలో పట్టి తూచగల ద్రవం. ఈ తేడాను గుర్తుంచుకుంటే పూర్వుల పట్ల గౌరవానికి లోటు రాదు.

ద్రవాన్ని అనుసరించి పోయే చరిత్ర 1622 జులై 23న ఇటలీలో మొదలైంది. గాస్పరే అసెల్లి అనే శస్త్రవైద్యుడు మిత్రుల కోరిక మీద ఒక కుక్కను కోసి చూపుతున్నాడు. నాటి ఆచారం ప్రకారం అది బతికున్న కుక్క. కొద్దిసేపటి ముందే కడుపునిండా తిన్నది. స్వరపేటిక నరాలు చూపించడం అయింది. ఇక ఉదరవితానం కదలిక చూపడానికి పేగులను పక్కకు తప్పించగానే, పేగును పట్టి ఉంచే పలుచని పొరలో సన్నని తెల్లని దారాలు అల్లుకుని కనబడ్డాయి. మొదట అవి నరాలనుకున్నాడు. ఒకదాన్ని కొనగత్తితో తెంపగానే పాలవంటి ద్రవం ఉబికి వచ్చింది. మరో కుక్కను ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు కోసి చూస్తే ఆ నాళాలు కనబడలేదు. తిన్న కుక్కలో తిరిగి కనబడ్డాయి. తిన్న కొవ్వు రక్తంలోకి నేరుగా పోదనీ, దానికి వేరే తోవ ఉందనీ మానవనేత్రం చూసిన తొలి సందర్భం అది. అసెల్లి గ్రంథం అతని మరణానంతరం 1627లో వెలువడింది. ఆ నాళాలు కాలేయానికి చేరతాయని అతడు పొరబడ్డాడు. 1651లో ఫ్రాన్స్‌లో జాన్ పెకే ఆ పాలరసం వక్షనాళం ద్వారా ఎగబాకి మెడ దగ్గరి సిరలో కలుస్తుందని చూపి ఆ పొరపాటు దిద్దాడు. కానీ కొవ్వును ఆ నాళాల దాకా చేర్చేది ఏమిటన్న ప్రశ్న మరో రెండు వందల ఏళ్ళు అలాగే ఉండిపోయింది.

పంతొమ్మిదో శతాబ్దపు వివాదం ఇక్కడే రాజుకుంది. పైత్యరసం మురికికాలువలో నీటివంటిదని, రక్తంలోని మలినాలను కాలేయం పేగులోకి వదిలేస్తుందని ఒక వర్గం. అది జీర్ణక్రియకు అవసరమని మరో వర్గం. జీవకణ సిద్ధాంతంతో పేరుగన్న థియొడోర్ ష్వాన్ 1844లో సూటి ప్రయోగం చేశాడు. కుక్కల పైత్యనాళాన్ని కట్టి, పైత్యరసం పేగులోకి చేరకుండా బయటికి పోయేటట్టు దారి చేశాడు. పైత్యరసం కేవలం మలినమే అయితే అది ఎటు పోయినా జంతువుకు నష్టం ఉండకూడదు. ఆ కుక్కలు తింటూనే చిక్కిపోయాయి, చాలావరకు చనిపోయాయి. పైత్యరసం పేగుకు చేరడం ప్రాణావసరమని తేలింది. ఎందుకు అవసరమో తేలలేదు.

అదే కాలంలో పారిస్‌లో క్లోద్ బెర్నార్ కుందేలును ఎంచుకున్నాడు. దాని శరీరనిర్మాణంలో ఒక సౌలభ్యం ఉంది. పైత్యనాళం జఠరానికి దగ్గరగానే పేగులో తెరుచుకుంటుంది. క్లోమనాళం అక్కడికి అడుగుకు పైగా దిగువన తెరుచుకుంటుంది. కొవ్వు తినిపించిన కుందేలులో, అసెల్లి చూసిన ఆ పాలనాళాలు తెల్లబడేది క్లోమనాళం కలిసిన చోటికి దిగువనే. పైనంతా పైత్యరసం ఉన్నా తెలుపు లేదు. కనుక కొవ్వును పచనం చేసేది క్లోమరసమేనని బెర్నార్ తీర్మానించాడు. పైత్యరసం పక్షం వీగిపోయినట్టే కనిపించింది. కొన్ని దశాబ్దాల తరవాత బెర్నార్ శిష్యపరంపరకే చెందిన ఆల్బేర్ దాస్త్ర్ ఆ ప్రయోగాన్ని తిరగేశాడు. కుక్కలో పైత్యనాళాన్ని కట్టి, పిత్తాశయాన్ని తెచ్చి పేగు కింది భాగానికి అతికాడు. ఇప్పుడు క్లోమరసం పైన, పైత్యరసం కింద. ఈసారి పాలనాళాలు తెల్లబడింది పైత్యరసం కలిసిన చోటికి దిగువన! రెండు రసాలూ కలిసిన చోటే కొవ్వు లోపలికి పోతుంది. ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదు. ఏ గణిత సూత్రమూ అక్కరలేని, కంటితో చూసి ఒప్పుకోవలసిన ఈ జంట ప్రయోగాన్ని మించిన అందమైన నిదర్శనం జీర్ణశాస్త్ర చరిత్రలో మరొకటి లేదని నా అభిప్రాయం. మన వైద్యవిద్యార్థులకు దీన్ని ఎవరూ చెప్పకపోవడం విచారకరం.

శరీరధర్మశాస్త్రజ్ఞులు ఇలా వాదులాడుతుంటే రసాయనశాస్త్రజ్ఞులు కబేళాల నుంచి ఎద్దు పైత్యరసం తెచ్చుకుని వేరే పని మొదలుపెట్టారు. కొవ్వు అంటే గ్లిసరాల్, కొవ్వు ఆమ్లాల కలయిక అని మిషెల్ షెవ్రెల్ అప్పటికే నిరూపించాడు. పిత్తాశయపు రాళ్ళలో దొరికే మైనంవంటి పదార్థానికి కొలెస్టరిన్ అని పేరు పెట్టిందీ ఆయనే. 1848లో అడాల్ఫ్ స్ట్రెకర్ ఎద్దు పైత్యరసం నుంచి కోలిక్ ఆమ్లాన్ని రాబట్టి, అది గ్లైసిన్‌తోనో, టారిన్‌తోనో జతకూడి ఉంటుందని చూపాడు. ఆ ఆమ్లపు అణునిర్మాణాన్ని ఛేదించడానికి మరో ఎనభై ఏళ్ళు పట్టింది. మ్యూనిక్‌లో హైన్రిష్ వీలాండ్ ఆ పనికి 1927 సంవత్సరపు నోబెల్ బహుమతి పొందాడు. స్టెరాల్స్ మీద కృషికి 1928 బహుమతి అడాల్ఫ్ విండాస్‌కు దక్కింది. ఇద్దరూ ఒకే వేదిక మీద ఆ గౌరవం అందుకున్నారు. విశేషమేమంటే వారు ప్రతిపాదించిన నిర్మాణం సరైనది కాదు. స్ఫటికశాస్త్రజ్ఞుడు బెర్నల్ ఎక్స్‌రే పరిశీలనలలో ఆ అణువు కొలతలు వారి చిత్రానికి ఒదగలేదు. 1932లో వలయాలను సరిదిద్దుకోవలసి వచ్చింది. బహుమతి తప్పుకు ఇచ్చినట్టు కాదు. కోలిక్ ఆమ్లం, కొలెస్టరాల్ ఒకే చట్రం మీద కట్టిన అణువులన్న మూలసత్యాన్ని వారు పట్టుకున్నారు. మిగిలినది మరమ్మతు.

చట్రం ఒకటైనంత మాత్రాన ఒకటి మరొకటిగా మారుతుందని అర్థం కాదు. ఆ నిరూపణ 1943లో వచ్చింది. నాజీల ఏలుబడి నుంచి తప్పించుకుని అమెరికా చేరిన కొన్రాడ్ బ్లాక్, తన సహచరులతో కలిసి, భార హైడ్రోజన్‌తో గుర్తుపెట్టిన కొలెస్టరాల్‌ను కుక్కకు ఇచ్చి, దాని పైత్యరసంలోని కోలిక్ ఆమ్లాన్ని పరీక్షించాడు. గుర్తు అక్కడ తేలింది. మన దేహానికి కొలెస్టరాల్ వలయాన్ని ముక్కలు చేసి కాల్చుకునే శక్తి లేదు. చక్కెరను కాలుస్తుంది, కొవ్వు ఆమ్లాన్ని కాలుస్తుంది. ఈ నాలుగు వలయాల చట్రం దగ్గర మాత్రం చేతులెత్తేస్తుంది. పైత్యరసంలో అలాగే కలిపి పంపడం, లేదా పైత్యామ్లంగా మార్చి పంపడం, ఈ రెండే దానికి పెద్ద గత్యంతరాలు. పైత్యరసం విసర్జకమన్న వర్గం ఇలా వందేళ్ళ తరవాత, తామెరుగని కారణంతో, నెగ్గింది.

ఇప్పుడు భోజనం దగ్గరికి వద్దాం. వేడి అన్నంలో ముద్దపప్పు, మీద నెయ్యి, పక్కన ఆవకాయ. విస్తరిలోని ఈ కొవ్వుకు జఠరంలో జరిగేది స్వల్పమే. నలిగి, వేడికి కరిగి, ఆహారంతో పాటు ఆంత్రమూలంలోకి దిగుతుంది. అది తగలగానే పేగు గోడలోని కణాలు కోలిసిస్టోకైనిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. ఐవీ, ఓల్డ్‌బర్గ్ 1928లో కనుగొన్న హార్మోను ఇది. పిత్తాశయం ముడుచుకుంటుంది, నాళం చివర కవాటం సడలుతుంది. కాలేయం రోజుకు తయారుచేసే పైత్యరసం అర లీటరు నుంచి లీటరు దాకా ఉంటుంది. పిత్తాశయంలో పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లు. అయినా అది నీటిని పీల్చేసి రసాన్ని అయిదు నుంచి పది రెట్లు చిక్కబరుస్తుంది గనుక ఆ కొద్దిపాటి నిలవ ఒక భోజనానికి సరిపోతుంది. ఇక్కడ ఒక సంగతి స్పష్టం చేయాలి. పైత్యరసానికి ఆ పసుపు, పచ్చ రంగులు బిలిరుబిన్ అనే వర్ణకానివి. కామెర్లలో కంటికి కనిపించేదీ అదే. జీర్ణక్రియలో దానికి పాత్ర లేదు. పనిచేసేవి రంగులేని పైత్యామ్లాలు.

వాటి పని ఏమిటో మొదటి సంవత్సరం ప్రయోగశాలలో మనమంతా చూసినదే, అర్థం చేసుకోకుండా. రెండు పరీక్షనాళికల్లో మూత్రం పోసి, పైన చిటికెడు గంధకపు పొడి చల్లుతారు. ఆరోగ్యవంతుడి మూత్రం మీద పొడి తేలుతూ ఉంటుంది. పైత్యనాళం మూసుకుపోయిన రోగి మూత్రంలో అదే పొడి మెల్లగా అడుగుకు దిగుతుంది. హే పరీక్ష అని దీని పేరు. ఆచార్యుల వారు ఆ నాళికను దీపానికి ఎదురుగా పట్టి, పొడి దిగడం పూర్తయ్యేదాకా ఒక్క మాటా పలికేవారు కారు. నీటి తలతన్యతను పైత్యరస లవణం తగ్గించిందనడానికి ఇంతకంటే చవకైన, ఇంతకంటే స్పష్టమైన రుజువు లేదు. నూనెతలంటుకు కుంకుడు రసం చేసే పని ఇదే. సారూప్యం పైపైది కూడా కాదు: కుంకుడులోని సపోనిన్లు కూడా వలయాల చట్రానికి నీటిని ప్రేమించే చక్కెరలు తగిలించిన అణువులే. పైత్యామ్లపు అణువు పలకలా ఉంటుంది. ఒక ముఖం నూనెను, మరో ముఖం నీటిని కోరుతుంది. గ్లైసిన్, టారిన్ జతకూడటం వల్ల ఆంత్రమూలపు ఆమ్లస్థితిలోనూ అది కరిగి, విద్యుదావేశంతోనే ఉంటుంది. పేగు పైభాగంలో గోడ దాటి జారిపోదు, పనిచోటు వదలదు.

ఎమల్సీకరణం దగ్గరే కథ ఆగిపోదన్నాను. నెయ్యి బొట్టును చిన్న బొట్లుగా విడగొట్టడం మొదటి అంకం. దానితో ఎంజైముకు పని జరిగే ఉపరితలం పెరుగుతుంది. చిత్రం ఏమిటంటే, ఆ బొట్టు మీద పైత్యరస లవణాలు పరుచుకుంటే క్లోమంలో పుట్టిన లైపేజ్ ఎంజైముకు అక్కడ చోటు దొరకదు, తోసివేతకు గురవుతుంది. కోలైపేజ్ అనే చిన్న మాంసకృత్తు దాన్ని బొట్టుకు కట్టి ఉంచుతుంది. ఆ తరవాతే కొవ్వు తెగి, కొవ్వు ఆమ్లాలుగా, మోనోగ్లిసరైడ్‌గా మారుతుంది. రెండో అంకం మరీ ముఖ్యం. తెగిన ముక్కలు కూడా నీటికి విముఖమే. పేగు గోడకు ఆనుకుని కదలని సన్నని నీటిపొరను అవి దాటాలి. పైత్యామ్లాలు ఒక నిర్ణీత సాంద్రత మించాక గుమికూడి మిసెల్ అనే అతిసూక్ష్మ సముదాయాలుగా ఏర్పడి, ఈ ముక్కలను తమ గర్భంలో పొదువుకుంటాయి. కొవ్వు బొట్టు కంటే మిసెల్ వంద రెట్లకు పైగా చిన్నది. స్వీడన్‌లోని లుండ్‌లో బెంగ్ట్ బోర్గ్‌స్ట్రోమ్, ఆయన వద్ద పరిశోధనకు వచ్చిన అమెరికన్ వైద్యుడు అలన్ హాఫ్‌మన్ 1960ల ఆరంభంలో మనుషుల పేగుల్లోంచి భోజనానంతర ద్రవాన్ని తీసి, వేగంగా తిప్పి, పైన నూనె, కింద తేట ద్రవం అని రెండుగా విడగొట్టారు. జీర్ణమైన కొవ్వు ఆ తేట ద్రవంలో ఉంది. చూడటానికి నీళ్ళలా ఉన్నదాంట్లో కొవ్వు కరిగి ఉంది. బెర్నార్, దాస్త్ర్ చూసిన తెలుపుకు ముందరి మెట్టు ఇదే.

గోడ చేరాక మిసెల్ తన సరుకును వదులుతుంది. కణంలో కొవ్వు తిరిగి కూర్చబడి, కైలోమైక్రాన్ అనే పొట్లంలో పాలనాళంలోకి పోతుంది. అసెల్లి కొనగత్తికి అంటినది ఆ పొట్లాల ద్రవమే. కొబ్బరినూనెలో గణనీయంగా ఉండే మధ్యస్థ గొలుసుల కొవ్వు ఆమ్లాలు కొంతవరకు ఈ తతంగాన్ని తప్పించుకుని నేరుగా కాలేయానికి పోగలవు. పైత్యరసం తక్కువైన రోగులకు అటువంటి కొవ్వును ఆహారంగా ఇవ్వడానికి కారణం అదే.

పైత్యరసం అసలే లేకపోతే? కొవ్వు పూర్తిగా ఆగదు. మామూలుగా తిన్న కొవ్వులో తొంభై అయిదు శాతానికి పైగా లోపలికి పోతుంది. పైత్యరసం లేనప్పుడు నలభై శాతం దాకా మలంలో పోవచ్చు. సగానికి పైగా ఎలాగో దారి వెతుక్కుంటుంది. కొవ్వులో కరిగే విటమిన్ల సంగతి వేరు. ఎ, డి, ఇ, కె విటమిన్లకు మిసెల్ తప్ప గతి లేదు. 1930ల దాకా శస్త్రవైద్యులు పైత్యనాళం మూసుకుపోయిన కామెర్ల రోగిని కోయడానికి భయపడేవారు. శస్త్రచికిత్స సవ్యంగా జరిగినా, రెండో రోజో, మూడో రోజో గాయం నుంచి రక్తం ఆగకుండా కారి రోగి పోయేవాడు. డెన్మార్క్‌లో హెన్రిక్ డామ్ కొవ్వులేని దాణా తిన్న కోడిపిల్లల్లో రక్తస్రావాన్ని చూసి విటమిన్ కెను వెలికితీశాడు. 1938లో అమెరికాలో రెండు వైద్యబృందాలు ఆ రోగులకు విటమిన్ కెను పైత్యలవణాలతో కలిపి మింగించాయి. రక్తం గడ్డకట్టడం మొదలైంది. విటమిన్ ఒక్కటే కాదు, దాన్ని మోసే వాహనం కూడా ఇవ్వాలన్న అవగాహన ఆ వైద్యంలో ఉంది. డామ్‌కు 1943 నోబెల్‌లో వాటా దక్కింది.

ఈ సూత్రానికి మన హైదరాబాదులో ప్రజారోగ్య రూపం ఉంది. 1918లో కూనూరులో వైద్యుడు మెక్‌కారిసన్ ఆరంభించిన పరిశోధనాలయం 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, జాతీయ పోషకాహార సంస్థ అయింది. పిల్లల కళ్ళు పోవడానికి కారణమైన విటమిన్ ఎ లోపం మీద ఆ సంస్థ చేసిన కృషి దేశవ్యాప్త కార్యక్రమానికి దారితీసింది. ఆకుకూరల్లోని కెరోటిన్ మీద అక్కడివారు చేసిన పరిశీలనల్లో, పిల్లల ఆహారానికి కొద్ది గ్రాముల నూనె చేర్చినప్పుడు కెరోటిన్ శోషణ మెరుగుపడిందని తేలింది. కారణం మీకు ఇప్పటికే తెలుసు. నూనె లేని భోజనానికి పిత్తాశయం సరిగా ముడుచుకోదు, మిసెల్ తయారుకు సరుకూ ఉండదు. పేదపిల్లవాడి తోటకూర పులుసులో ఒక చెంచా నూనె విలాసం కాదు.

మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని ఈ సందర్భంలో స్మరించక తప్పదు. స్ప్రూ అనే వ్యాధి ఆయన సోదరులను స్వల్ప వ్యవధిలో బలిగొంది, ఆయననూ కుంగదీసింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకుని ఆయన అమెరికా వెళ్ళారు. స్ప్రూలో పైత్యామ్లాలకు లోపం ఉండదు. పేగు గోడే దెబ్బతిని, మిసెల్ తెచ్చిన సరుకును అందుకోలేక, కొవ్వు తేలే మలంగా బయటికి పోతుంది. 1945లో ఆయన నాయకత్వంలోని లెడర్లీ ఔషధ సంస్థ బృందం కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం స్ప్రూ రోగులకు ఔషధమైంది. ఆ చికిత్స ఆయన సోదరులకు పాతికేళ్ళు ఆలస్యంగా పుట్టింది.

ఇక తిరుగు ప్రయాణం. కొవ్వు లోపలికి పోయేది పేగు పైభాగంలో. పైత్యామ్లాలను గోడ ఆప్యాయంగా అందుకునేది చిట్టచివర, శేషాంత్రంలో. పని పూర్తయ్యేదాకా పనివాడు వెళ్ళిపోకుండా ప్రకృతి ఈ దూరం పెట్టింది. శేషాంత్రంలో పీల్చుకున్న ఆమ్లాలు ద్వారసిర వెంట కాలేయానికి చేరి, మళ్ళీ పైత్యరసంలో కలుస్తాయి. మోరిట్జ్ షిఫ్ 1870లో ఈ పరిభ్రమణాన్ని ప్రయోగపూర్వకంగా స్థాపించాడు. లెక్క చూడండి: దేహంలో మొత్తం పైత్యామ్లాల నిలవ రెండు నుంచి నాలుగు గ్రాములు. అదే నిలవ రోజుకు ఆరు నుంచి పది సార్లు చుట్టి, పేగుకు ఇరవై, ముప్పై గ్రాముల పని చేసిపెడుతుంది. ప్రతి చుట్టుకు తొంభై అయిదు శాతానికి పైగా తిరిగి వస్తుంది. రోజుకు సుమారు అర గ్రాము మలంలో పోతుంది. కాలేయం ఆ మేరకు కొలెస్టరాల్ నుంచి కొత్తది తయారుచేస్తుంది. ఆ అర గ్రాము నష్టం ప్రకృతి పొరపాటు కాదు. కొలెస్టరాల్‌కు అదే నిష్క్రమణ ద్వారం.

ఈ ద్వారాన్ని మరికొంచెం తెరిస్తే రక్తంలో కొలెస్టరాల్ తగ్గాలి. కొలెస్టిరమిన్ అనే రెజిన్ పేగులో పైత్యామ్లాలను పట్టి ఉంచి, తిరిగి రానివ్వదు. కాలేయం కొలెస్టరాల్‌ను ఇంకా ఖర్చుపెట్టి కొత్తవి చేసుకోవాలి. 3,806 మంది పురుషులపై ఏడేళ్ళకు పైగా సాగి 1984లో ఫలితాలు వెలువడిన అమెరికన్ పరీక్షలో గుండెజబ్బు మరణాలు, గుండెపోట్లు కలిపి చూస్తే పందొమ్మిది శాతం తగ్గాయి. కొలెస్టరాల్‌ను తగ్గిస్తే గుండెకు మేలన్న మాట వాదన స్థాయి దాటి రుజువు స్థాయికి చేరింది ఆ మందుతోనే. స్టాటిన్లు అప్పటికి ఇంకా వైద్యుల చేతికి రాలేదు. మన మెంతుల్లోని జిగురు పీచుకూ ఈ స్వభావం కొంత ఉంది. హైదరాబాదు పోషకాహార సంస్థలో వాటి మీద పరిశీలనలు జరిగాయి. మందుకు బదులు మెంతులు చాలునని నేను అనను.

ద్వారం దగ్గర రద్దీ పెరిగితే రాయి కడుతుంది. పైత్యరసంలో కొలెస్టరాల్‌ను కరిగించి ఉంచేవి పైత్యామ్లాలు, లెసిథిన్. వాటి పాలు తగ్గినా, కొలెస్టరాల్ పాలు పెరిగినా స్ఫటికాలు మొదలవుతాయి. 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ తొలిసారి పిత్తాశయాన్ని తొలగించి రోగిని బతికించాడు. గుర్రానికి పిత్తాశయం లేదు, బతకడం లేదా అన్నది ఆయన తర్కం. గోదాము పోయినా ప్రవాహం ఆగదు గనుక మనిషీ బతుకుతాడు. శేషాంత్రం తీసేస్తే మాత్రం అలా కాదు. పైత్యామ్లాలు పెద్దపేగులోకి చేరి నీళ్ళ విరేచనాలు తెప్పిస్తాయి, నిలవ తరిగి కొవ్వు జీర్ణం చెడుతుంది. ఈ మధ్య ఆలివ్ నూనె, నిమ్మరసం తాగి పిత్తాశయపు రాళ్ళు పడిపోయాయని చూపించే పద్ధతి ఒకటి ఊరూరా తిరుగుతోంది. పళ్ళెంలో చూపించే ఆ పచ్చని ముద్దలు రాళ్ళు కావు. తాగిన నూనె పేగులో సబ్బుగా మారిన గడ్డలు. పరీక్షించి చూసినవారు తేల్చిన సంగతి ఇది.

1999లో ఈ కథకు మరో అధ్యాయం చేరింది. కణ కేంద్రకంలోని ఎఫ్.ఎక్స్.ఆర్. అనే గ్రాహకానికి పైత్యామ్లాలే సంకేతాలని ఒకే ఏడాది మూడు బృందాలు ప్రకటించాయి. తమ తయారీని తామే అదుపు చేసుకునే సందేశం వాటిలో ఉంది. శేషాంత్రం కూడా ఒక హార్మోను ద్వారా కాలేయానికి ఇక చాలునని కబురు పెడుతుంది. చక్కెర, కొవ్వు వినియోగంలోనూ వీటి పాత్ర పరిశోధనలో ఉంది. పెద్దపేగులోని సూక్ష్మజీవులు వీటిని మార్చి కొత్త రూపాలు చేస్తున్నాయి. అవన్నీ వచ్చే తరం ఉపన్యాసాలకు వదులుతున్నాను.

వెళ్ళేముందు ఒక్క సంగతి, ఇది వైద్యుడిగా చెబుతున్నది. పుట్టుకతోనో, పుట్టిన కొద్ది వారాల్లోనో పైత్యనాళాలు మూసుకుపోయే జబ్బు ఒకటి పసికందుల్లో ఉంది. రెండు దారులూ ఒక్కసారిగా మూతపడతాయి: కొవ్వు, విటమిన్లు సరిగా లోపలికి పోవు, పైత్యం బయటికి పోక కాలేయాన్ని కాల్చేస్తుంది. జపాన్‌లో మోరియో కసాయ్ 1950లలో దీనికి శస్త్రచికిత్స రూపొందించారు. బిడ్డకు అరవై రోజులు నిండకముందే చేస్తే ఫలితం బాగుంటుంది. ఆలస్యమైతే కాలేయ మార్పిడి తప్ప మార్గం ఉండదు. తైవాన్ 2004 నుంచి ప్రతి తల్లికీ మలం రంగులు అచ్చువేసిన కార్డు ఇస్తోంది. తల్లి చూసి పోల్చుకుంటుంది. మన ఊళ్ళలో పసిబిడ్డ పచ్చబడితే పొద్దుటి ఎండ చూపడం, ఆకుపసరు పోయడం ఆనవాయితీ. పుట్టిన మొదటి వారంలో వచ్చే పచ్చదనం చాలామంది బిడ్డల్లో తనంతట తనే పోతుంది. రెండు వారాలు దాటాక కూడా కళ్ళు పచ్చగా ఉండి, మలం సుద్దలా తెల్లబడి, మూత్రం గుడ్డకు పసుపు మరక పెడితే, ఆ బిడ్డను ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళి, నేరు (డైరెక్ట్) బిలిరుబిన్ పరీక్ష చేయించమని అడగండి. ఈ సభలోని విద్యార్థులు రేపు ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసినా, టీకాకు వచ్చిన ప్రతి తల్లినీ బిడ్డ మలం ఏ రంగులో ఉందని అడగాలని నా విన్నపం.